వజ్రపు గుంతలు, ఊటనీరు

మన సీమలో నీటికొఱకు నేలను త్రవ్వువారిని అందఱు నెఱుగుదురు. నీరు పడునేమో యని జంకుచు నేలను త్రవ్వినవారు గూడ ఇచ్చటనే యుండిరనిన కొందఱికి వింతగా తోచవచ్చును. బావి త్రవ్వించు రైతునకు గరుసు తగిలినదని ఒడ్డెవారు కేక వేయగానే ప్రాణము లేచివచ్చును. ఇక ఊట దూరములేదని వాని ధైర్యము. అదే నల్లరేగడి క్రింద, అదే గరుసులో, అదే పెన్నేటి యొడ్డున వజ్రముకొఱకు గుంత త్రవ్వినవాడు మాత్రము ఊట కనబడగానే గడ్డపాఱ క్రింద పెట్టి కూర్చుండెను. ఈ రెండవవాని కథయే నేను చెప్పదలచినది. మొదటివాని కథ దానితో ఎట్లు ముడిపడినదో చివరకు తెలియగలదు.

వజ్రములనగానే లోకము గోలకొండ పేరు చెప్పును. గోలకొండ వజ్రములమ్మిన అంగడియే గాని గని కాదు. గనులు కృష్ణయొడ్డున కొల్లూరు, పరిటాల మొదలగుచోట్లను, దక్షిణమున మన కర్నూలు, కడప సీమలలోను ఉండెను. మన పాలికి వచ్చినవి రెండు తెఱగులు. మొదటిది రాతిగని. బనగానపల్లె చుట్టును, రామళ్లకోట చెంతను, గట్టిరాతి క్రింద గులకరాళ్లు ముద్దగా అతుకుకొనిపోయిన పలుచని పొర యొకటి కలదు. వజ్రము ఆ పొరలోనిది. రెండవది గరుసుగని. కడపకు ఈశాన్యముగా కొన్ని మైళ్ల దూరమున, పెన్న కొండల పాదమును ఒరసికొని పాఱుచోట, చెన్నూరు, కొండపేట మొదలగు గ్రామముల పొలములలో, పూర్వమెప్పుడో ఏఱు తెచ్చి పఱచిన గులకరాళ్ల మేటలో వజ్రము దొరకెను.

మన సీమ రాళ్లను శాస్త్రరీతిగా పరిశీలించినవారిలో ముఖ్యుడు విలియం కింగ్. ఆయన గ్రంథము 1872లో వెలువడినది. రాతిపొరలకు ఆయన మన యూళ్ల పేర్లే పెట్టెను. బనగానపల్లె, అవుకు, పాణ్యము, కోయిలకుంట్ల, నంద్యాల అను నామములు నేటికిని భూగర్భశాస్త్రమును చదువు విద్యార్థులు దేశమంతట వల్లించుచున్నారు. మన పిల్లలకు ఈ సంగతి ఎవరును చెప్పరు.

బనగానపల్లెలో పని యిట్లు జరిగెడిది. పదునైదు, ఇరువది అడుగులవఱకు రాతిని తొలిచి నిట్టనిలువు గుంత దింపుదురు. అడుగున వజ్రపుపొర తగిలిన పిమ్మట దానిని వెంబడించి నలుదెసల సొరంగములు తీయుదురు. పొర మందము జానెడుకూడ లేకుండుటచే, సొరంగములో మనుష్యుడు నిలుచుటకు వీలులేక గొంతుక్కూర్చుండియే త్రవ్వవలసియుండెను. అయినను ఇచ్చట నీటిబాధ కొంత తక్కువ. పని గుట్టల పార్శ్వములందు జరుగుటచే ఊఱిన నీరు పగుళ్లవెంట పల్లమునకు జాఱిపోవుటకు దారియున్నది. పైగా కర్నూలు సీమలో వాన గనివానికి పగవాడే కాడు. తొలకరిలో మట్టి కొట్టుకొనిపోయి రాయి కడిగినట్లు తేలును గనుకనే జొన్నగిరి, తుగ్గలి ప్రాంతముల చేలలో నేటికిని తొలివాన పడినంతనే జనులు మూటముల్లె కట్టుకొనివచ్చి నేల వెతకుచున్నారు.

గరుసుగనుల సంగతి వేఱు. పందొమ్మిదవ శతాబ్దారంభమున కుంపిణీ కొలువులో నుండిన బెంజమిన్ హైన్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు కడప గుంతలను గూర్చి వ్రాసెను. ఆ గ్రంథము 1814లో లండనునందు అచ్చయినది. పైన అడుగున్నర ఇసుక, గరుసు కలిసిన మన్ను. దానిక్రింద నాలుగడుగుల జిగట నల్లమన్ను. ఆ క్రింద రెండు రెండున్నర అడుగుల మందమున పెద్ద గుండ్రాళ్లు కలిసిన వజ్రపు మేట. పొర చూడగానే బావులు త్రవ్వించిన పెద్దలు ఇది నీరుండు కట్టడమని గుర్తుపట్టుదురు. నల్లమన్ను మూతవలె కప్పియుండగా క్రింది గులకరాళ్ల సందులలో నీరు ఏటి మట్టమునుబట్టి నిలిచి మెల్లగా కదలుచుండును. వజ్రము ఏ సందులోనున్నదో ఆ సందునిండ నీరే. మూత పగులగొట్టి వజ్రమును తీయవలెనన్న ముందుగా నీటిని తీయవలెను.

ఎట్లు తీసిరి? దీనికి మంచి సాక్ష్యము మన గనులనుగూర్చి కాక వాని తోబుట్టువైన కొల్లూరిగనిని గూర్చి దొరకుచున్నది. అచ్చటను మేట గరుసే, పనివారును తెలుగువారే గనుక ఆ సాక్ష్యము మనకు పనికివచ్చును. మచిలీబందరునుండి మెత్‌వోల్డ్ అను ఇంగ్లీషు వర్తకుడు పదునేడవ శతాబ్దపు మొదటి భాగమున ఆ గనికి వెళ్లి, ముప్పదివేలమంది పనిచేయుచుండిరని వ్రాసెను. కొందఱు త్రవ్వుదురు, కొందఱు గంపల కెత్తుదురు, కొందఱు నీరు తోడుదురు, కొందఱు మట్టి మోయుదురు అని ఆయన లెక్కించెను. నీరు తోడుట త్రవ్వుటతో సమానమైన వేఱొక పనిగా నుండెనన్నమాట. కొన్ని దశాబ్దముల పిమ్మట వచ్చిన ఫ్రెంచివాడు తావెర్నియే అఱువదివేలమందిని చెప్పెను. పురుషులు త్రవ్వుదురట, స్త్రీలు, పిల్లలు మోయుదురట. గుంత పది, పండ్రెండు, పదునాలుగు అడుగులు పోవును. నీరు తగిలినదా, ఇక నాసపడవలసిన దేమియు లేదు అని ఆయన స్పష్టముగ వ్రాసియున్నాడు. 1677లో లండను రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయిన వేఱొక వృత్తాంతము, ఈ గనులలో కప్పీలవంటి సాధనములు లేవనియు, మనుష్యులను ఒకనిపై నొకనిని వరుసగా నిలిపి చేతిమీదుగా పైకందించుకొందురనియు తెలుపుచున్నది.

ఈ పని యెంతదో ఒక చిన్నలెక్క వేసి చూతము. పదడుగుల చదరముగల గుంతలో మూడడుగుల నీరూఱినదనుకొందము. మూడువందల ఘనపుటడుగులు, అనగా సుమారు 8,500 లీటర్లు. కడవకు 15 లీటర్లు పట్టుననుకొనిన దాదాపు 570 కడవలు. వీనిని చేతులమీదుగా పైకెక్కించి, గుంత ఆరినదని ఊపిరి పీల్చుకొనులోపల ప్రక్కగోడనుండి మరల ఊఱుట మొదలు. రాత్రి పని నిలిచినచో తెల్లవాఱుసరికి మొదటి లెక్కయే. తావెర్నియే గారి "నీరు తగిలినదా" అను మాటలో ఎంత చెమట దాగియున్నదో దీనివలన ఊహింపవచ్చును.

ఆ కాలమున ఐరోపాలో గనుల నీరుతోడు యంత్రములు లేకపోలేదు. 1556లో అచ్చయిన అగ్రికోలా గ్రంథమున చక్రములతో, గొట్టములతో నీరెత్తు విధానములు బొమ్మలతో వర్ణింపబడినవి. తరువాత 1712లో న్యూకామెన్ ఇంగ్లండునందు ఆవిరియంత్రమును నిలిపినది బొగ్గుగనిలోని నీరు తోడుటకే. రైలుబండి, బట్టలమిల్లు ఆ యంత్రమునకు తరువాతి సంతానము. ఇచ్చట ఆ పుట్టుక జరుగలేదేమని కొందఱు మనవారి తెలివిని తక్కువచేసి మాటలాడుదురు. అది తప్పు. కపిల, ఏతము, గూడ మన రైతునకు తెలియని సాధనములా? గనిలో వానిని వాడకపోవుటకు కారణము వేఱని నా యభిప్రాయము. కపిలకు ఎద్దులు దిగు బాట కావలెను, గట్టి ఒడ్డు కావలెను. ఒకసారి అమర్చినచో తరతరములు ఆ బావికే పనిచేయవలెను. వజ్రపు గుంత కొద్దిదినముల ముచ్చట, నేడిక్కడ, రేపక్కడ. ఇక మనిషి చేయియా, దానికంటె చౌకైనది లేదు. బిజాపురు రాజ్యములోని రావల్కొండ గనిలో పనివాని కూలి సంవత్సరమునకు మూడు వరహాలని తావెర్నియే వ్రాసెను. ఆ గనియే మన రామళ్లకోట యని కొందఱు పండితులు చెప్పిరి, అందఱును ఒప్పుకొనలేదు. ఏది యైనను మూడు వరహాలకు ఏడాదిపాటు మనిషి దొరకుచుండగా యంత్రమును గూర్చి ఏ గుత్తదారు ఆలోచించును?

తోడిన నీరు ఏమయ్యెనను ప్రశ్న ముఖ్యమైనది. అది వ్యర్థముగ పోలేదు. గుంత చెంతనే ఒక కళ్లము చేసి, దానిచుట్టును రెండడుగుల యెత్తున గోడ పెట్టుదురు. గోడ మొదటిలో రెండేసి అడుగుల కొకటిచొప్పున కంతలు విడిచి మూసియుంతురు. త్రవ్విన మన్ను ఆ కళ్లములో పోసి, గుంతలో తోడిన నీటినే దానిపై చల్లి ఒకటి రెండు దినములు నాననిత్తురు. మన్ను అంబలివలె కాగానే కంతలు తెఱచి బురదనీటిని పోనిచ్చి, మరల నీరుపోసి, గులకరాళ్లు మాత్రము మిగులువఱకు కడుగుదురు. తరువాత ఎండబెట్టి, చెరిగి, వరుసగా కూర్చుండి వెతకుదురు. కాబట్టి గుంతనుండి లేచిన నీరు గుంత ప్రక్కననే నేలపాలై, అధికభాగము ఆ మేటలోనికే మరల ఇంకెను. చుట్టుప్రక్కల బావులకు దీనివలన కలిగిన నష్టము స్వల్పము. పనివాని చేతిబలమే హద్దు. నీటిమట్టమే గుంతకు అడుగు.

ఇచ్చట ఒక శంక రావచ్చును. నీటిని తోడనేల, కాలువతీసి పల్లమునకు పాఱింపరాదా? మన పూర్వులకు ఆ విద్య బాగుగా తెలియును. పెన్న, పాపఘ్ని, చెయ్యేటి యిసుకలో త్రవ్విన ఊటకాలువలన్నియు అదే విద్య. ఏటి వాలుకంటె తక్కువ వాలుతో ఇసుకలో కాలువ త్రవ్వుకొనిపోయినచో, కొంతదూరము పోవుసరికి ఇసుకలోని నీరు తనంతట తానే నేలమట్టమునకు వచ్చి చేలకెక్కును. ఎద్దు లేదు, కపిల లేదు. కాని ఈ యుపాయమునకు దిగువ పల్లము కావలెను. చెన్నూరి పొలములు ఏటి యొడ్డున చదునుగా నున్నవి; గుంత అడుగు ఏటి నీటిమట్టమునకు దిగినదనిన పల్లమెక్కడిది? ఏఱే వచ్చి గుంతలో కూర్చుండును. అందుచేత ఏటి గరుసులో పనికి వేసవియే అనువైన కాలము. ఏఱు ఎండి మేటలోని మట్టము దిగిన నెలలలో ఎంత దొరకిన అంత.

పదునెనిమిదవ శతాబ్దమున బ్రెజిలు వజ్రములును, 1867 తరువాత దక్షిణాఫ్రికా వజ్రములును సంతకు వచ్చి మన గనుల కథను ముగించెను. కొల్లూరు గుంతలు కట్టకడపట పులిచింతల జలాశయములో మునిగిపోయినవి. నీటికి వెఱచి నిలిపిన గుంతలపై ఇప్పుడు కృష్ణ నిలిచియున్నది.

ఇంతవఱకు జరిగినది వృద్ధుల ముచ్చట. దానిని ఇప్పుడు చెప్పవలసివచ్చిన కారణము నూనె ఇంజను, విద్యుత్తు మోటారు. ఇరువదవ శతాబ్దారంభమున మదరాసు రాజధానిలో చాటర్టన్ దొర బావులపై నూనె ఇంజనులను నెలకొల్పించుటకు పాటుపడెను. రైతుకు మేలు జరిగెను. కాని ఆ యంత్రమే గుంత త్రవ్వువానికిని అందెను. నేను పైన చెప్పిన 570 కడవల నీటిని ఐదు గుఱ్ఱముల మోటారు పది నిమిషములలోపల ఎత్తిపోయును. కొల్లూరివాడు గడ్డపాఱ దించినచోట నేటివాడు మోటారు దించును. నీటిమట్టము గుంతకు అడుగుగా నుండుట అంతటితో ముగిసెను.

పాత కడప జిల్లాలోని మంగంపేట ముగ్గురాయి గనిని చూచినవారికి ఈ మాఱుపు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక్కచోటనే అంత ముగ్గురాయి లోకమున వేఱొకచోట లేదందురు. మెట్లు మెట్లుగా నేలలోనికి దిగిన ఆ గోతిలో నీరుతోడక పని లేదు. ఎఱ్ఱగుంట్ల, జమ్మలమడుగు ప్రక్కల కడపరాయి, బేతంచెర్ల ప్రక్కల నాపరాయి తీసి విడిచిన గోతులు ఎన్నో నీటితో నిండియున్నవి. పెద్ద గనులకు లెక్కలు, అధికారులు, కాగితములు ఉండును. నాకు ఎక్కువ దిగులు కలిగించునవి ఊరిబయట, వంక యొడ్డున, రోడ్డుకొఱకును ఇండ్లకొఱకును త్రవ్వు గరుసుగుంతలు. అవి చిన్నవని ఎవరును పట్టించుకొనరు.

అట్టి గుంతలో జరుగునదేమి? మోటారు ఆడుచున్నంతసేపు గుంత చుట్టుప్రక్కల నీటిమట్టము గంగాళమువలె లోపలికి వంగును. గుంత దగ్గఱ లోతు, దూరము పోవుకొలది తక్కువ. ఆ గంగాళపు అంచు ఎంతదూరము పోవునో గరుసు సందులను బట్టి యుండును; సందులు పెద్దవైన కొలది అంచు దూరము పోవును. అంచులోపల నున్న బావి మట్టము దిగును. లోతు తక్కువ బావి మొదట ఎండును. ఏడాదికి ఇరువదియైదు, ముప్పది అంగుళముల వానతో బ్రదుకు సీమలో ఆ బావి తిరిగి నిండుటకు ఎన్నియేండ్లు పట్టునో ఎవరు చెప్పగలరు? తోడిన నీటిని వంకలోనికి వదలినచో అది ఏటికి పోవును, మనకు దక్కదు. గుంత ప్రక్కననే వదలినచో మరల గుంతలోనికే ఊఱివచ్చి మోటారుకు రెట్టింపు పని. రెండును తెలివిమాలిన పద్ధతులే.

తెలిసినవారు చేయునది యిట్లుండును. గుంతచుట్టును కట్ట పోసి, దానివెలుపల కాలువ తీసి, పైవాననీరు లోనికి దిగకుండ మళ్లింతురు. బయటి నీటిని ఆపక లోపలి నీటిని తోడుట చిల్లికడవతో చేదుట వంటిది. గుంత అడుగున ఒక మూలకు వాలు పెట్టి, అచ్చట చిన్న నీటిగుంట చేసి, ఆ గుంటనుండియే తోడుదురు. వచ్చిన బురదనీటిని మొదట ఒక మడుగులో నిలిపి తేర్చి, తేటనీటిని గంగాళపు అంచు దాటిన దూరమున నున్న కుంటలోనికో చెఱువులోనికో చేర్చుదురు. తేర్చని బురదను చెఱువులోనికి వదలినయెడల అడుగున పూడిక పేరుకొని ఇంకుట మానును. అది మేలు చేయబోయి కీడు చేయుట. పని ముగిసిన తరువాత గుంత గోడలను వాలుగా చెక్కవలెను. నిట్టనిలువు గోడల నడుమ నిలిచిన నీటిలో పడిపోయిన పశువులను, పిల్లలను గూర్చి మీరు విననివి కావు.

చట్టముకూడ ఆలస్యముగనైనను ఈ సంగతిని గుర్తించినది. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము భూగర్భజలముతోపాటు ఇసుక త్రవ్వకమునుకూడ అదుపులోనికి తెచ్చెను. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఐదు హెక్టార్లకు తక్కువైన చిన్న ఖనిజముల గుత్తలకుకూడ పర్యావరణ అనుమతి కావలెనని ఆజ్ఞాపించెను. అంతకు పూర్వము చిన్నగుంత యను పేరుతో తప్పించుకొనుటకు వీలుండెను. 2016లో కేంద్ర పర్యావరణశాఖవారు ఏటి యిసుకను గూర్చి వెలువరించిన సూచనలలో, త్రవ్వకము మూడు మీటర్లనో, నీటిమట్టమునో, రెంటిలో ఏది తక్కువలోతైన అచ్చటనే నిలుపవలెనని కలదు. మూడు మీటర్లనగా పదడుగులకు కొంచెము తక్కువ. నీరు చూచి పైకెక్కుమని కొల్లూరి కూలివానికి ఏ సర్కారును చెప్పలేదు. వాని రెక్కలు చెప్పినవి. రెక్కల పని మోటారు చేయునప్పుడు ఆ మాట కాగితము చెప్పవలసివచ్చినది.

ఆ సూచనలో చిన్న చిక్కొకటి మిగిలియున్నది. నీటిమట్టము ఏ నెలలోనిది? వైశాఖమున కొలిచినచో మట్టము చాల దిగువ. అంతవఱకు త్రవ్విన గుంత కార్తికమునాటికి నిండుగా నీటిలో నుండును. తరువాత దానిని తోడుట తప్పదు. కావున రెండు ఋతువుల మట్టములును తెలిసియుండవలెను. పట్టణమునుండి వచ్చిన అధికారికి ఒకదినపు మట్టమే కనబడును. మన దిగుడుబావులకు మెట్లున్నవి. ఏ మాసమున ఎన్నవ మెట్టువఱకు నీరుండెనో, ఏ కఱవు సంవత్సరమున ఎన్ని మెట్లు దిగెనో నలువదియేండ్ల సంగతి ఊరిపెద్దలకు నోటనున్నది. గుత్త కాగితము ఊరి సభకు వచ్చిన దినమున ఆ లెక్క వ్రాతలో నుండుటకు, ఒక నోటుపుస్తకమును, ఏడాదికి రెండుసారులు బావిలోనికి దిగిచూచు మనిషియు చాలును.